మనం యజమానులం కాము, ముతవల్లీలం

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే పంతులము. సభలలో మాట్లాడే అలవాటు తక్కువ. కార్యదర్శిగారు వచ్చి, "ఈసారి తెలుగులో మాట్లాడండి సార్. సంచికలో వేస్తాము. మన పిల్లలూ చదువుతారు, ఇరుగుపొరుగు వాళ్ళూ చదువుతారు" అన్నారు. మాది ఇంట్లోనూ బజారులోనూ నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మాఫ్ చేయవలెనని మనవి.

ఈనాడు మాకిచ్చిన విషయము ఇస్రాఫ్. అనగా దుబారా. అవసరానికి మించి వాడటం, వాడినది చాలక పారవేయటం. దీనితోపాటు అల్లాహ్ మన చేతికిచ్చిన ఈ భూమిని, నీటిని మనం ఎట్లా చూసుకోవాలన్నది. ఆలిమ్ సాహెబులు చెప్పవలసిన విషయాన్ని లెక్కల పంతులు చెప్పటమేమిటని మీకు అనిపించవచ్చును. నిజమే. అయితే ఇందులో ఒక లెక్క కూడా కలదు. ఆ లెక్కలో మేమే తప్పు చేసి, మా శిష్యుని చేత దిద్దించుకున్నాము. ఆ సంగతి దాచకుండా చెప్పి కూర్చుంటాము.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారం మన కర్నూలులో ఎవరూ మరచి ఉండరు. టీ కొట్టు దగ్గర అదే మాట, మసీదు మెట్ల మీద అదే మాట. ఎన్ని టీఎంసీలు పోయాయి, వేసవికి ఏమి మిగులుతుంది, కె.సి. కెనాలు కింద పైరు సంగతేమిటి అని పేపరు వచ్చిన ప్రతి ఉదయం లెక్క చూసుకున్నాము. నిండు నదిలో ఇంజనీర్లూ పనివాళ్ళూ స్టాప్‌లాగులు దించి నీరు ఆపారని విన్న తర్వాత గాని మన మనసు కుదుటపడలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మగ్రిబ్ వేళ వుజూఖానాలో కూర్చున్నాము. మా పక్కన ఒక పెద్దాయన గేటు సంగతే చెప్తున్నారు. "ఎంత నీరు పాయె, ఎంత నీరు పాయె" అని రెండు చేతులూ ఆడిస్తూ బాధపడుతున్నారు. ఆయన కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. నీరు కాలువలోకి ధారగా పోతూ ఉంది. మేమూ "అవునండీ, అవునండీ" అని తల ఊపుతూ విన్నాము. కొంతసేపటికి చూసుకుంటే మా కుళాయి కూడా తిప్పే ఉన్నది!

డ్యాము గేటు ఆపటం మన చేతిలో లేదు. ఈ గేటు మన చేతిలోనే ఉన్నది. పైగా మనం కూర్చున్నది ఇబాదత్ కోసం.

మరుసటి వారం మా ఏడో తరగతి పిల్లలకు ఒక పని పెట్టాము. వుజూ చేసేటప్పుడు కుళాయి కింద బకెట్ పెట్టి, పోయిన నీటిని లోటాతో కొలవమన్నాము. కుళాయి పూర్తిగా తిప్పి తీరికగా వుజూ చేసిన పిల్లవాని నీరు దాదాపు ఒక బకెట్ అయింది. అదే పిల్లవాడు లోటాతో చేస్తే ఒకటిన్నర లోటా చాలింది. శరీరం అంతే తడిసింది, ఫర్జులన్నీ అంతే పూర్తయ్యాయి. తేడా అంతా కాలువలోకి పోయిన నీటిదే.

హజ్రత్ అనస్ రజియల్లాహు అన్హు చెప్పిన హదీసు బుఖారీలోను, ముస్లిమ్‌లోను ఉన్నది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ వారు ఒక ముద్ నీటితో వుజూ చేసేవారట. ముద్ అంటే మామూలు మనిషి రెండు అరచేతులు కలిపి దోసిలి పడితే పట్టేటంత. ఇప్పటి కొలతలో ముప్పావు లీటరుకు లోపే. ఒక సాఅ్, అనగా నాలుగు ముద్‌లు మొదలుకొని అయిదు ముద్‌ల దాకా నీటితో గుస్ల్ చేసేవారట. మూడు, మూడున్నర లీటర్లు! మన ఇళ్ళలో షవరు కింద నీరు వెచ్చబడేదాకా వదిలిపెట్టే నీరే అంతకన్న ఎక్కువ.

"అది అరేబియా ఎడారి, నీరు లేని చోటు, అందుకని పొదుపు" అని మాతో ఒక మిత్రుడు వాదించాడు. దానికి జవాబు మరొక రివాయత్‌లో ఉన్నది. హజ్రత్ సఅద్ వుజూ చేస్తూ ఉండగా ప్రవక్తవారు అటు వచ్చి, ఈ దుబారా ఏమిటని అడిగారు. వుజూలో కూడా దుబారా ఉంటుందా అని సఅద్ ఆశ్చర్యపోయారు. ఉంటుంది, పారే నది ఒడ్డున కూర్చున్నా ఉంటుందని వారు చెప్పారు. ఇది ఇబ్నె మాజాలోని రివాయత్. దీని సనద్ బలహీనమన్న ఉలమా కూడా ఉన్నారు కనుక ఆ మాట కూడా చెప్తున్నాము. అయితే దీని భావం ఖుర్ఆన్‌కు అనుగుణంగానే ఉన్నది. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయత్‌లో తినటం, తాగటం వద్దనలేదు. హద్దు మీరవద్దని మాత్రమే ఆదేశం.

నది ఒడ్డున అన్న మాటను కొంచెం ఆలోచించండి. నది ఒడ్డున నీరు తక్కువపడేది లేదు. ఒకరి వాటా మనం తాగేదీ లేదు. అయినా దుబారా దుబారాయే. అంటే ఇస్రాఫ్ అన్నది వస్తువు ఎంత ఉన్నదన్న ప్రశ్న కాదు, మన చెయ్యి ఎట్లా ఉన్నదన్న ప్రశ్న. కరువు వచ్చినప్పుడు పొదుపు అందరూ చేస్తారు, గతిలేక చేస్తారు. ఉన్నప్పుడు కొలత తప్పకపోవటమే ఈమాన్‌కు పరీక్ష.

ఇదంతా ఆ పిల్లలకు మేము చాలా బాగా చెప్పాము. మేమే మెచ్చుకునేటంత బాగా చెప్పాము. ఇక మా సంగతి వినండి.

అదే ఏడాది చలికాలంలో మా చిన్న తమ్ముని వలీమా జరిగింది. తండ్రి లేని యిల్లు, పెద్దవాళ్ళం మేము. "పంతులు యింటి పెళ్ళి, పప్పుచారు పెట్టాడు" అని ఎవరూ అనకూడదని మాకు పట్టుదల. ఒక ఫంక్షన్ హాలు మాట్లాడాము. తొమ్మిది వందల మందికి వంట చెప్పాము. మటన్ బిర్యానీ, రెండు రకాల కూరలు, కబాబు, డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, ఇవి చాలవని పిల్లల కోసం ఐస్‌క్రీము. ఇందులో సగం సొమ్ము అప్పు. ఆ రోజు ఊళ్ళో మరో నాలుగు పెళ్ళిళ్ళున్నాయి. వచ్చినవారు ఆరువందల చిల్లర. అందులోనూ చాలామంది అప్పటికే ఒక చోట తిని వచ్చినవారు. కంచం నిండా వడ్డించుకొని రెండు ముద్దలు తిని లేచారు.

అర్ధరాత్రి దాటాక బవర్చీ వచ్చి, బియ్యం లెక్కన నలభై కిలోల బిర్యానీ మిగిలిందన్నాడు. ఆ వేళప్పుడు ఎవరికి పంచుతాము? తెల్లవారితే వాసన వస్తుంది. హాలు వెనుక ఖాళీ స్థలంలో గుంత ఉన్నది. అందులో పోయించి మట్టి కప్పించి యింటికి వచ్చాము. పెళ్ళి బాగా జరిగిందని అందరూ అన్నారు. మేమూ అట్లాగే అనుకున్నాము.

పది రోజుల తర్వాత తరగతిలో గుణకారం లెక్క యిచ్చాము. ఒక విందుకు 600 మంది వచ్చారు, ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం చొప్పున మొత్తం ఎంత బియ్యం కావలెను? పిల్లలు 90 కిలోలని చేసి చూపారు. వెనుక బెంచీలో ఒక పిల్లవాడు మాత్రం పలక మీద పెన్సిలు పెట్టకుండా కూర్చున్నాడు. ఏమిరా అంటే లేచి అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే సందేహం. "సార్, పారేసేది కూడా కలపాలా? కలిపితే 90 చాలదు కదా!"

పారేసేది ఎందుకుంటుందిరా అన్నాము. వాడు చెప్పాడు. "మా అమ్మీ మీ యింటి వలీమాకు గిన్నెలు కడగటానికి వచ్చింది సార్. మిగిలిన బిర్యానీ తట్టల్లో మోసి గుంతలో పోసింది. ఆ రాత్రి భుజాలకు నూనె రాయించుకుంది."

తరగతిలో చప్పుడు లేదు. మేము ఏదో అనబోయాము. వాడింకా నిలబడే ఉన్నాడు. "ఎనిమిది గంటలకే కొంచెం అడిగిందట సార్, మా కోసం. మెహమాన్లు అయిపోనీ, తర్వాత చూద్దామన్నారట. తర్వాత చూస్తే పాడయిపోయింది" అన్నాడు.

ఆ మాట అన్నదెవరు? మేమే. మాకు జ్ఞాపకం కూడా లేదు. హడావిడిలో ఎవరో స్త్రీ వచ్చి ఏదో అడిగింది, మేము ఏదో అన్నాము. అది ఆ బిడ్డ ఆకలి అని మాకు తెలియలేదు. వలీమా భోజనాలలో చెడ్డ భోజనమేదో హజ్రత్ అబూ హురైరా చెప్పిన హదీసు మనమంతా చదివినదే. ధనికులను పిలిచి బీదలను వదిలేసిన భోజనం. మేము బీదలను పిలవకపోవటమే కాదు, వారి చేతనే మోయించి పూడ్పించాము.

ఆ రోజు వానికి జవాబు చెప్పలేదు. "కూర్చో బేటా, రేపు చెప్తాను" అన్నాము. ఆ రాత్రి కాగితం తీసుకొని కూర్చున్నాము. లెక్కల పంతులుకు ఏడుపు వచ్చినా లెక్కగానే వస్తుంది కదా.

ఒక కిలో బియ్యం పండటానికి సుమారు 2,500 లీటర్ల నీరు పడుతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. అందులో కొంత మళ్ళీ భూమిలోకి ఇంకేదే. అయినా పొలానికి పారించవలసిన నీరు పారించవలసినదే. ఈ లెక్కన 40 కిలోలకు లక్ష లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు వరుసగా నిలబెడితే ఇరవై ట్యాంకర్లు. మన వీధికి మే నెలలో ఒక్క ట్యాంకరు వస్తే బిందెలతో ఎట్లా పరుగెత్తుతామో మీకు తెలుసు. ఆ రాత్రి మేము ఇరవై ట్యాంకర్లను గుంతలోకి వదిలాము.

ఇంకొక విధంగా చూశాము. మన ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 670 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాది పొడుగునా పడే వానంతా కలిపితే 62 వేల లీటర్లు. ఆవిరయ్యేది, చిందేది తీసివేస్తే చేతికి చిక్కేది ఏ 50 వేల లీటర్లో. అనగా అల్లాహ్ మా మిద్దె మీద రెండేళ్ళపాటు కురిపించిన రహ్మత్‌ను ఒక్క రాత్రి పూడ్చిపెట్టాము. ఇది బియ్యం లెక్క మాత్రమే. మాంసం, నూనె, నెయ్యి, కట్టెలు, దున్నిన రైతు కష్టం ఇందులో కలపలేదు. ఆ తల్లి భుజాల నొప్పికి మా దగ్గర కొలత లేదు.

ఇది మా ఒక్కరి యింటి సంగతే అయితే ఇంత దూరం వచ్చి చెప్పేవాళ్ళం కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022వ సంవత్సరంలో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. తినేవారి దాకా వచ్చిన ఆహారంలో దాదాపు అయిదో వంతు. అందులో అరవై శాతం మామూలు ఇళ్ళలోనే. అదే సమయంలో ఆకలితో ఉన్నవారు 78 కోట్లకు పైన. తిండి లేక కాదు ఆకలి. తిండి గుంతలోకి పోయి ఆకలి.

ఇక అసలు విషయానికి వస్తాము. అల్ బఖరా సూరా 30వ ఆయత్‌లో మానవుణ్ణి భూమి మీద ఖలీఫాగా పెట్టే సంగతి ఉన్నది. ఖలీఫా అనగానే మనలో చాలామంది రాజు, యజమాని అనుకుంటాము. ఖలీఫా అంటే తర్వాత వచ్చినవాడు, మరొకరి తరఫున చూసుకునేవాడు. యజమాని వేరే ఉన్నాడు. మన చేతిలో ఉన్నది అమానత్.

ఇది మన సభ్యులకు సులువుగా అర్థమయ్యే మాటలో చెప్తాము. వక్ఫ్ ఆస్తి సంగతి మీ అందరికీ తెలుసు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హుకు ఖైబర్‌లో మంచి భూమి వచ్చింది. అంతకన్న విలువైన ఆస్తి తనకెన్నడూ రాలేదు, దీన్ని ఏమి చేయమంటారని ప్రవక్తవారిని అడిగారు. అసలు నిలిపి ఉంచి, దాని ఫలసాయాన్ని దానం చేయవచ్చునని వారు సలహా యిచ్చారు. ఆ భూమిని అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు, వారసత్వంగా పంచుకోకూడదు. చూసుకునే మనిషి దాని ఫలసాయంలో మర్యాదగా తినవచ్చు, కూడబెట్టుకోకూడదు. ఇదీ షరతు.

తెలుగులో మనం 'అసలు' అంటాము. అది అరబీ 'అస్ల్' అన్న మాటే. మూలము, వేరు అని అర్థం. చూడండి, తెలుగువాళ్ళ నోట కూడా ఆ మాట నలుగుతూనే ఉన్నది, మనం దాని షరతు మరచిపోయాము.

భూమి మొత్తం అల్లాహ్ వక్ఫ్ అనుకోండి. మనం ముతవల్లీలం. లబ్ధిదారులెవరు? మనం, మన పొరుగువారు, హిందువులు, క్రైస్తవులు, పశువులు, పక్షులు, ఇంకా పుట్టని పిల్లలు. ముతవల్లీ తినకూడదని ఎవరూ అనలేదు. ఫలసాయం తినవచ్చు, అసలు ముట్టుకోకూడదు. వక్ఫ్ భూమిని ఎవరైనా అమ్ముకుంటే మనం ఊరేగింపు తీస్తాము, దరఖాస్తులు పెడతాము. పెట్టవలసినదే. మరి ఈ పెద్ద వక్ఫ్‌లో మనం అసలు తింటున్నామా, ఫలసాయం తింటున్నామా?

భూగర్భ జలమే చూడండి. ఏటా వాన కురిసి ఇంకేది ఫలసాయం. వేల ఏళ్ళుగా కింద నిలిచి ఉన్నది అసలు. మా తాత కాలంలో యింటి బావికి నాలుగు మూరల తాడు ఎక్కువ పట్టిందంటే యింటిల్లిపాదికీ తెలిసేది. బట్టలుతకటం తగ్గించేవారు. నీటి మట్టం కళ్ళకు కనపడేది. బోరులో ఏమి కనపడుతుంది? మీట నొక్కితే నీరు వస్తుంది, రాకపోతే ఇంకా లోతుకు వేయిస్తాము. మన రాయలసీమలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు కూడా ఉన్నవి. ప్రపంచంలో తోడే భూగర్భ జలంలో నాలుగో వంతుకు పైగా మన దేశమే తోడుతున్నదని ప్రపంచ బ్యాంకు చెప్పింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. చట్టం మంచిదే. కాని ప్రతి యింటి మీట దగ్గర చట్టం కూర్చోలేదు. అక్కడ కూర్చోవలసినది తఖ్వా.

మట్టి కూడా అసలే. తుంగభద్ర జలాశయం 1953లో నింపటం మొదలుపెట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేదట. పూడిక చేరి చేరి ఇప్పుడు 105 దరిదాపుల్లో ఉన్నది. ఆ పూడిక ఆకాశం నుండి పడలేదు. ఎగువ గుట్టల మీద చెట్లు పోగా, పొలాల మీద గట్లు పోగా కొట్టుకువచ్చిన మట్టి. అక్కడ పంట పండించవలసిన మట్టి ఇక్కడ మన నీటి చోటును తింటున్నది. ఒక గేటు పోతే వారమంతా మేలుకున్నాము. ఏడు దశాబ్దాలలో 28 టీఎంసీల చోటు చప్పుడు లేకుండా పోతే ఎవరికీ మెలకువ రాలేదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది, "పెద్ద దేశాలు, పెద్ద కంపెనీలు పాడుచేస్తుంటే మా లోటా నీళ్ళతో ఏమవుతుంది సార్?" నిజమే. మన దేశంలో తలసరి కర్బన ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కన్న తక్కువ. భూమి ఏడాది మొత్తంలో తిరిగి పుట్టించగలిగినదంతా 2025లో జూలై 24కే మానవజాతి వాడేసిందని ఒక అంతర్జాతీయ సంస్థ లెక్క కట్టింది. అందులో మన ముండ్లపాడు, మన పాతబస్తీ వాటా కొంచెమే. ఎక్కువ తిన్నవాణ్ణి ఎక్కువ అడగవలసినదే, గట్టిగా అడగవలసినదే. 2024 ఫిబ్రవరిలో నైరోబీలో వెలువడిన 'అల్ మీజాన్' అనే ఒడంబడికలో ముస్లిమ్ పండితులు ఈ మాటలన్నీ లోకానికి చెప్పారు. మీజాన్ అంటే తక్కెడ. అయితే తక్కెడకు రెండు పళ్ళేలు కదా. ఎదుటివాని పళ్ళెం వైపు వేలు చూపేవాడు తన పళ్ళెంలో ఏమున్నదో దాచకూడదు. పైగా ఖియామత్ నాడు మమ్మల్ని అమెరికా లెక్క అడగరు. హాలు వెనుక గుంత లెక్క అడుగుతారు.

రెండవది, "సంతోషం రోజున కూడా లెక్కలేనా? జనం పిసినారి అనరా?" ఇది ఇంకా కష్టమైన ప్రశ్న. ఎందుకంటే పేదవానికి జీవితంలో ఆ ఒక్క రోజే చెయ్యి చాపి పెట్టే రోజు. బనీ ఇస్రాయీల్ సూరాలో 29వ ఆయత్‌లో చెయ్యి మెడకు కట్టుకోవద్దనీ ఉన్నది, పూర్తిగా చాచవద్దనీ ఉన్నది. అనగా పిసినారితనం కూడా తప్పే. కాని మనసు విప్పి చెప్పండి, మేము ఆ తొమ్మిది వందల మందికి వంట చేయించింది సంతోషం కోసమా, భయం కోసమా? భయం కోసమే. నలుగురు ఏమంటారోనన్న భయం. ఆ భయానికి చేసిన అప్పు ఈ రోజుకీ తీరలేదు. మనల్ని చూసి పక్కింటివాడు చేస్తాడు, వానిని చూసి ఆడపిల్లలున్న మరో తండ్రి చేస్తాడు. ఒకరి దుబారా మరొకరి మెడకు ఉరి అవుతున్నది.

మా దాదీ దస్తర్‌ఖాన్ మీద పడిన మెతుకు ఏరి తినేది. పాత చీరలతో బొంత కుట్టేది. అప్పట్లో అంతా బంగారు కాలమని మేము అనటం లేదు. లేమి ఉండేది, ఆడవాళ్ళ చాకిరీ ఉండేది. దాదీ లేక పొదుపు చేసింది. మనం ఉండి పొదుపు చేయవలసి ఉన్నది. ఆమె కన్న మన పరీక్షే కష్టం.

మాటలు చెప్పి దిగిపోతే ఇదీ ఒక ఇస్రాఫే అవుతుంది. కనుక సంఘం ముందు నాలుగు కోరికలు పెడుతున్నాము.

ఒకటి. వలీమాలకు, నిఖా విందులకు సంఘం తరఫున ఒక మాట అనుకుందాము. ఒక బిర్యానీ, ఒక కూర, ఒక మీఠా చాలు. పిలిచేటప్పుడే యింటికి ఎందరు వస్తారో అడిగి రాసుకుందాము. మొదట కొంచెం వడ్డించి, మళ్ళీ అడిగి మళ్ళీ వడ్డిద్దాము. అన్నిటికన్న ముందు, పెద్దలు దయచేసి వినండి, మొదటి దేగ్ మూత తీయగానే పనివాళ్ళ వాటా, వాళ్ళ పిల్లల వాటా తీసి పక్కన పెడదాము. మెహమాన్లు అయిన తర్వాత కాదు, ముందే. రాత్రి తొమ్మిదికల్లా మిగులు అంచనా కట్టి, పాడుకాకముందే పంచటానికి మన కుర్రవాళ్ళు నలుగురు సిద్ధంగా ఉండాలి.

రెండు. మసీదులలో వుజూ కుళాయిలకు సన్నధార బిగింపులు పెట్టిద్దాము, లోటాలు కూడా ఉంచుదాము. వుజూ నీటిలో సబ్బు ఉండదు. దానిని మురికి కాలువకు వదలక చెట్లకు, ఇంకుడు గుంతకు మళ్ళించవచ్చును. బడి మిద్దె, మసీదు మిద్దె మీది వాన నీరు కూడా బోరు పక్కన ఇంకేటట్లు చేద్దాము. తోడిన అసలులో కొంతైనా తిరిగి కడదాము.

మూడు. పండుగ బట్టలు. ఒక నూలు చొక్కా వెనుక 2,700 లీటర్ల నీరు ఉన్నదని అంచనా. ఈద్‌కు కొత్త బట్ట సంతోషమే, బీరువాలో మడత విప్పని జతలు నాలుగుండగా అయిదోది సంతోషం కాదు. రంజాన్‌కు ముందే పిల్లలకు పొట్టివైన యూనిఫారాలు, మంచి బట్టలు, పాఠ్యపుస్తకాలు సంఘం ఆఫీసులో చేర్చి, ఉతికించి, ఇస్త్రీ చేయించి మర్యాదగా ఇద్దాము. చిరిగినది ఇవ్వటం సదఖా కాదు, చెత్త వదిలించుకోవటం.

నాలుగు. బక్రీద్ నాడు వ్యర్థాలను మునిసిపాలిటీ చెప్పిన చోటనే వేద్దాము. వీధిని, హంద్రీ ఒడ్డును పాడుచేయటం మన ఖుర్బానీకి అందం కాదు. దీనికి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇక ఆ పిల్లవాని సంగతి. మరునాడు తరగతిలో బోర్డు మీద లక్ష లీటర్ల లెక్క మొత్తం వేశాము. కింద ఆ విందు ఎవరిదో కూడా రాశాము. "బేటా, పారేసేది కూడా కలపాలి. కలపకపోతే లెక్క తప్పు. నేను కలపలేదు" అన్నాము. ఆ సాయంత్రం వాళ్ళ యింటికి వెళ్ళి ఆ తల్లిని మాఫీ అడిగాము. ఆమె కొంగు సర్దుకొని, "అయ్యో, పెద్ద మాటలెందుకు సార్, పెళ్ళిళ్ళలో మామూలే కదా" అన్నది. ఆ 'మామూలే' అన్న మాట మమ్మల్ని ఇంకా గుచ్చుతున్నది. మామూలు కాకూడదనే ఈ ప్రసంగం.

ఈ ఏడాది మా మేనకోడలి నిఖా చేశాము. మూడు వందల మందికే చెప్పాము. మొదటి దేగ్ విప్పగానే పనివాళ్ళ వాటా తీయించాము. కొందరు మొహం చిట్లించారు, ఒక దగ్గరి చుట్టం ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడటం లేదు. అయినా చివరికి ఆరేడు కిలోల అన్నం మిగిలింది. రాత్రి పదింటిలోపు పంచగలిగాము. లెక్క ఇంకా పూర్తిగా సరిపోలేదన్నమాట. వచ్చే పెళ్ళికి ఇంకొంచెం సరిచేస్తాము, ఇన్షా అల్లాహ్.

చేతిలో మొక్క ఉండగా ఖియామత్ వచ్చినా, నాటగలిగితే నాటమన్న ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ వారి ఉమ్మత్ మనం. మన చేతిలో ప్రస్తుతం మొక్క లేకపోవచ్చు, కుళాయి ఉన్నది, గరిటె ఉన్నది. వాటితోనే మొదలుపెడదాము. అమానత్‌ను చెడగొట్టకుండా తర్వాతివాళ్ళకు అప్పజెప్పే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.